పెన్సిల్ చప్పుడు

తప్పు అక్షరం నొక్కితే కుందేలు ఏడుస్తుంది. సరైనది నొక్కితే చప్పట్లు కొట్టి గంతులేస్తుంది. పదాలు రాయడం సాధన చేయించే ప్రోగ్రాముల్లో ఇదే మంచిదని ఎవరో చెప్పారట, మా అమ్మాయి కంప్యూటర్లో ఎక్కించి వెళ్ళింది. ముప్పై ఒక్కేళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి ముందు నేను ఆ కుందేలును తెచ్చి పెట్టాను. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

మా ఆయన దాన్ని కాసేపు చూశారు. అది ఆయన్ని చూసింది. తర్వాత ఎడమచేత్తో కంప్యూటర్ మూత నెమ్మదిగా దించేశారు. విసురుగా మూసినా బాగుండేది, నేనూ నాలుగు మాటలు అనేసి తేలికపడేదాన్ని. అంత మర్యాదగా మూసేసరికి నాకు ఏడుపొచ్చింది.

ఆరు నెలల కింద ఆయనకి పక్షవాతం వచ్చింది. కాలు మూడు నెలల్లో దారికొచ్చింది, చేతికర్ర పట్టుకుని వరండా దాకా నడుస్తారు. కుడిచెయ్యి ఇంకా మొరాయిస్తోంది. మాట మాత్రం పూర్తిగా పోయింది. అన్నీ అర్థమవుతాయనీ, మనం గబగబా మాట్లాడితే మాత్రం అందుకోలేరనీ డాక్టర్ చెప్పారు. నేను బుద్ధిగా తలూపాను. గబగబా మాట్లాడకుండా ఉండటం నా వల్ల అయ్యే పనేనా? అచ్చాఫీసులో నాకు ఉద్యోగం ఇచ్చిందే గబగబా చదువుతానని.

అవును, నేనూ అక్కడే పనిచేశాను. ఆయన ప్రూఫ్ రీడరు, నేను కాపీ హోల్డర్ని. అంటే రచయిత రాసిచ్చిన కాగితాలు నా చేతిలో ఉంటాయి, అచ్చుకు కూర్చిన ప్రూఫు ఆయన ముందు ఉంటుంది. నేను కామాలతో, ఫుల్‌స్టాపులతో సహా పైకి చదువుతుంటే ఆయన ప్రూఫులో తప్పులు పట్టుకుంటారు. పెళ్ళికి ముందు రెండేళ్ళపాటు నేను ఆయనతో మాట్లాడినవి దాదాపు అన్నీ వేరేవాళ్ళు రాసిన మాటలే.

అందులోనూ ఆయనకో పట్టుదల ఉండేది. రచయిత మాట జోలికి పోరు. ఒకసారి ఒక నవలలో రెండో అధ్యాయంలో చచ్చిపోయిన మేనత్త తొమ్మిదో అధ్యాయంలో లేచొచ్చి కాఫీ కలిపింది. "కొట్టెయ్యండి సార్, ఇంకా ఏం చూస్తారు!" అన్నాను. ఆయన కొట్టెయ్యలేదు. పక్కనున్న ఖాళీలో చిన్న ప్రశ్నార్థకం పెట్టి రచయితకు పంపారు. "తప్పు పడితే దిద్దడం మన పని. ఇది నిజమా కాదా అన్నది రాసినవాళ్ళు చెప్పాలి" అన్నారు. ఆ మేనత్త ఏమైందో నాకు గుర్తులేదు కానీ, ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం గుర్తుంది. పెళ్ళి చేసుకుంటే ఇలాంటి మనిషినే చేసుకోవాలని అనుకున్నాను. చేసుకున్నాను కూడా.

అమ్మాయి పుట్టాక నేను ఉద్యోగం మానేసి పెరట్లో మొక్కలు పెంచి అమ్మడం మొదలుపెట్టాను. ఆ అచ్చాఫీసు మూతపడి కూడా చాలా ఏళ్ళయింది.

ఇప్పుడు ఆయనకీ నాకూ మధ్య మిగిలిన భాష ఒక్కటే. మూడుసార్లు చప్పుడు చేస్తే మంచినీళ్ళు. ఆసుపత్రిలో ఉండగానే మంచం ఊచ మీద వేలితో మూడుసార్లు కొట్టారు. నర్సు నీళ్ళు ఇచ్చింది, తాగారు. ఇంటికొచ్చాక కుర్చీ చెయ్యి మీద కొట్టడం, నేను పరుగెత్తడం. రోజుకు పదిహేను ఇరవైసార్లు. మందుల వేడి అనుకున్నాను. ఆ ఒక్క భాషయినా మిగిలిందని సంతోషించాను.

మాటలు నేర్పడానికి ప్రతి మంగళవారం ఒక అమ్మాయి వస్తుంది. పెద్ద సంచీ నిండా బొమ్మల కార్డులు, ఎప్పుడూ జారిపోయే కళ్ళజోడు. మేం మాటల టీచరమ్మ అంటాం. నాలుగు వారాలుగా ఆమె కార్డు చూపించడం, ఈయన కిటికీ వైపు తిరగడం, ఇదే వరస. పోయిన మంగళవారం వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగింది.

"పిన్నిగారూ, మీకు చెప్పడానికి నాకే బాధగా ఉంది. బాబాయిగారు ప్రయత్నం మొదలుపెట్టట్లేదు. కంప్యూటర్ మీదో కాగితం మీదో, తనంతట తాను ఏదైనా ఒకటి రాస్తే చాలు. వచ్చే వారం కూడా ఏమీ లేదంటే మా సెంటర్‌వాళ్ళు ఈ గంట ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. వరసలో పదిహేడు మంది ఎదురుచూస్తున్నారు."

"ఆయనకి రాక కాదమ్మా, ఇష్టంలేక!" అని కసిరాను. పాపం, ఆ పిల్ల తప్పేముంది. గేటు వేసుకుని లోపలికొచ్చాను. ఆయన ఇక అక్షరాల వైపు తిరగరేమోనన్న భయం నాకు మొదటిసారి అప్పుడే పట్టుకుంది. అక్షరాలు లేని ఆ మనిషిని నేను ఊహించుకోలేను.

ఆ భయంతోనే ఫోన్ చేసి మా అమ్మాయి ప్రాణం తీశాను. అది ఆదివారం వచ్చి మూడు ప్రోగ్రాములు పెట్టి, "నీకు నచ్చింది ఎంచుకో అమ్మా, ఎలా వాడాలో అందులోనే ఉంటుంది" అని చెప్పి వెళ్ళిపోయింది. మొదటిది కుందేలు. దాని సంగతి చెప్పాను.

రెండోది గడియారం. పదం వినిపిస్తుంది, పక్కన ముల్లు తిరుగుతుంటుంది, అది ఆగేలోపు పదం పూర్తి చెయ్యాలి. లేకపోతే గంట కొట్టి, "మళ్ళీ ప్రయత్నించండి" అని ఒక ఆడగొంతు చెబుతుంది. బస్టాండులో బస్సు ఆలస్యమైందని చెప్పే గొంతు ఉంటుందే, అచ్చం అదే. ముందు నేను ప్రయత్నించి చూశాను. నాకే అరచేతులు చెమటలు పట్టాయి. దాన్ని ఆయనకి చూపించనే లేదు.

మూడోదాంట్లో బొమ్మల్లేవు, గంటల్లేవు. పదాలు మనమే పెట్టుకోవాలి, మన గొంతుతో చదివి రికార్డు చెయ్యాలి. ఇంత పని మనమే చేసుకునేట్టయితే ఇక వీళ్ళెందుకు అని విసుక్కుని పక్కన పెట్టేశాను.

ఇవి కాక అమ్మాయి నా కోసం ఇంకోటి కూడా పెట్టింది. మొదటిసారి వెబ్‌పేజీ తయారుచేసుకునేవాళ్ళ కోసమట. మొక్కలు కొనేవాళ్ళు రోజంతా ఫోన్లు చేస్తారు. గులాబీలు ఉన్నాయా, కుండీతో ఇస్తారా, ఎండలో పెట్టాలా. ఈయనకి స్నానం చేయిస్తుంటే మోగుతుంది, అన్నం తినిపిస్తుంటే మోగుతుంది. ఎత్తకపోతే అలకలు. ఉన్నవన్నీ ఒక పేజీలో రాసి పెడితే ఎవరికి వాళ్ళే చూసుకుంటారని మా అమ్మాయి ఆలోచన.

నిజం చెప్పొద్దూ, అది నాకు బాగా నచ్చింది. తెల్లటి పేజీ, దాని మీద అటూ ఇటూ జరుపుకునే గళ్ళు. ఇక్కడ శీర్షిక, ఇక్కడ ఫొటో, ఇక్కడ విషయం. అచ్చాఫీసులో పేజీలు కట్టడం చూసినదాన్ని కదా, చెయ్యి దానంతటదే తిరిగింది. ఒక్కో వేలితో టైపు చేసుకుంటూ సోమవారం మధ్యాహ్నానికి పేజీ నింపాను. కింద 'ప్రచురించు' అని ఒక మీట ఉంది. దాన్ని నొక్కబోయి ఆగిపోయాను. ఎవరూ చూడకుండా అచ్చుకు ఇవ్వడం నాకు చేతకాదు.

చూసేవాళ్ళెవరు? ఆయన పక్కనే కుర్చీలో ఉన్నారు. ఎప్పటిలాగే పొద్దున్నంతా వరండాలో మొక్కల మధ్య కూర్చుని, భోజనమయ్యాక లోపలికొచ్చారు. నా కంప్యూటర్ వైపు చూడట్లేదు. సరే, నాకు నేనే చదువుకుందామని పైకి మొదలుపెట్టాను. పాత అలవాటు, ఊపిరి తీసుకోకుండా.

"మా మొక్కలు ఫుల్‌స్టాప్ గులాబీ కామా మల్లె కామా నిమ్మ కామా మందారం కామా మందారం కామా..."

ఠక్ ఠక్ ఠక్.

లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చాను. తీసుకోలేదు. మళ్ళీ మూడుసార్లు కొట్టారు.

"ఇవిగో, చేతిలోనే ఉన్నాయి కదండీ! రోజుకి బిందెడు తాగుతున్నారు, మొక్కలక్కూడా ఇన్ని నీళ్ళు పొయ్యను నేను!"

ఆయన గ్లాసును వేళ్ళతో పక్కకు తోశారు. బల్ల మీద నేను ఆర్డర్లు రాసుకునే పెన్సిల్ ఉంది. ఎడమచెయ్యి చాచి దాన్ని అందుకుని, తిరగేసి పట్టుకుని, దాని మొద్దు చివరతో చెక్క మీద కొట్టారు. మూడుసార్లు.

చెక్క మీద పెన్సిల్ చప్పుడు.

అచ్చాఫీసులో మా గది యంత్రాలకు ఆనుకుని ఉండేది. అవి నడుస్తున్నంతసేపూ ఆ హోరులో నా అరుపు ఆయనకి వినబడేది కానీ ఆయన మెత్తటి గొంతు నాకు వినబడేది కాదు. అందుకని పెన్సిల్‌తో చెప్పేవారు. ఒకసారి కొడితే ఆగు, తప్పుంది. రెండుసార్లు కొడితే బాగుంది, ముందుకు పద. మూడుసార్లు కొడితే, అందలేదు, పైనుంచి మళ్ళీ చదువు.

పైనుంచి మళ్ళీ చదువు.

"ఏమండీ," అన్నాను. "మళ్ళీ చదవమంటున్నారా?"

రెండుసార్లు కొట్టారు.

గ్లాసు కింద పెట్టి కూర్చున్నాను. పైనుంచి చదివాను. ఈసారి నెమ్మదిగా. మందారం రెండోసారి రాగానే ఒక్క దెబ్బ. చూస్తే మందారం రెండుసార్లు పడి ఉంది. ఒకటి తీసేశాను. రెండు దెబ్బలు.

అప్పుడు ఆరు నెలలు ఒక్కసారిగా నా మీద పడ్డాయి. డాక్టర్ ఏదో చెప్పి వెళ్ళగానే ఈయన మూడుసార్లు కొట్టేవారు. అమ్మాయి ఫోన్లో గలగలా మాట్లాడగానే కొట్టేవారు. టీచరమ్మ కార్డు చూపించి ప్రశ్న అడగగానే కొట్టేవారు, "నీళ్ళు కావాలటమ్మా" అని నేను అడ్డుపడేదాన్ని, ఆ పిల్ల ఆగేది, ఈయన తాగేవారు, ఆ పిల్ల ఇంకో కార్డు తీసేది. ఈయన కిటికీ వైపు తిరిగేవారు. అందలేదు, ఇంకోసారి చెప్పండి అని ఆరు నెలలుగా అడుగుతూనే ఉన్నారు. ఈ లోకంలో ఆ చప్పుడు అర్థం తెలియాల్సిన మనిషి ఒక్కతే ఉంది. ఆవిడ నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"మరెందుకు తాగారండీ అన్ని నీళ్ళు?" అని ఏడుస్తూనే అడిగాను.

మూతి ఎడమవైపు కొంచెం కదిలింది. నవ్వారు. అచ్చాఫీసులోనూ అంతే, కొత్తగా చేరిన కాపీ హోల్డర్ ఎంత తప్పు చదివినా ఒక్క మాట అనేవారు కాదు. ఆ కొత్తగా చేరినదాన్ని నేనే కదా, నాకు తెలియదా. ఆయన భుజం మీద తలపెట్టుకుని చాలాసేపు ఏడ్చాను, తిట్టాను కూడా.

ఆ సాయంత్రమే పక్కన పెట్టిన మూడో ప్రోగ్రాము బయటకు తీశాను. కుందేలుకూ గడియారానికీ సెలవిచ్చేశాను. కుండీ, మొగ్గ, ఎరువు, నీడ అంటూ మా పెరట్లో ఉన్న మాటలన్నీ నా గొంతుతో, గబగబా కాకుండా, రికార్డు చేశాను. ఆయన అన్నీ విన్నారు. అందని చోట మూడుసార్లు కొట్టారు, అది మళ్ళీ వినిపించాను. కానీ మీటల మీదకు చెయ్యి రాలేదు. ఎడమచెయ్యి గాల్లో ఆగి, వెనక్కి వెళ్ళి ఒళ్ళో కూర్చుంది. మర్నాడే మంగళవారం.

పొద్దున్నే వీధి చివర జిరాక్స్ షాపుకు వెళ్ళి నా పేజీని కాగితం మీద తీయించుకొచ్చాను. రెండు పక్కలా బోలెడు ఖాళీ వదలమన్నాను. "ఇంత కాగితం వృథా ఎందుకమ్మా?" అన్నాడు షాపతను. ప్రూఫు అంటే అలాగే ఉంటుందని అతనికేం తెలుసు.

టీచరమ్మ వచ్చింది. మూడు దెబ్బల సంగతి చెప్పాను. ఆమె కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"నేను ఎంత తొందరపెట్టానో," అంది మెల్లగా.

"నువ్వు నయమే, నేను నీళ్ళు పోశాను," అన్నాను.

ఆమె ఒక్కో ప్రశ్నా రెండుసార్లు, మూడుసార్లు అడిగింది. ఆయన కిటికీ వైపు తిరగలేదు. సరైన కార్డు వేలితో చూపించారు. కానీ పలక ఇస్తే పట్టుకోలేదు, కంప్యూటర్ పెడితే ముట్టుకోలేదు. గంటలో ముప్పావు భాగం అయిపోయింది. ఆమె సంచీలోంచి ఫారం తీసింది. దాంట్లో 'స్వయంగా రాసినది' అని ఒక గడి ఉంది, అయిదు వారాలుగా అది ఖాళీ. ఆమె పెన్ను మూత తీసి నా వైపు చూడలేక గోడ గడియారం వైపు చూసింది.

"పది నిమిషాలు ఆగమ్మా," అన్నాను.

ఆయన ముందు కాగితం పరిచాను. పెన్సిల్ పక్కన పెట్టాను. కుర్చీ లాక్కుని ఆయనకు ఎడమవైపు కూర్చున్నాను. అచ్చాఫీసులో అదే నా చోటు.

"మా మొక్కలు. ఫుల్‌స్టాప్. గులాబీ, కామా, మల్లె, కామా, నిమ్మ, కామా, మందారం. ఫుల్‌స్టాప్."

రెండు దెబ్బలు.

"కుండీలతో సహా ఇస్తాం. ఫుల్‌స్టాప్."

రెండు దెబ్బలు.

"ఈ మొక్కల్ని పెంచేది, కామా, చూసుకునేది, కామా, అమ్మేది నేనొక్కదాన్నే. ఫుల్‌స్టాప్. ఫోన్ ఎత్తడం ఆలస్యమైతే..."

ఒక దెబ్బ.

ఆగి చూశాను. అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఏ మాటా రెండుసార్లు పడలేదు. "సరిగ్గానే ఉందండీ," అన్నాను. మూడుసార్లు కొట్టారు. మళ్ళీ చదివాను. నేనొక్కదాన్నే అన్నచోట మళ్ళీ ఒక్క దెబ్బ.

"ఏముందండీ ఇందులో తప్పు? నాకైతే కనబడట్లేదు," అన్నాను. నా కోపం ముక్కు మీదే ఉంటుంది, ఏం చెయ్యను.

ఆయన పెన్సిల్‌ను ఎడమచేతిలోనే తిప్పి పట్టుకున్నారు. ఈసారి మొద్దు చివర కాదు, మొన. దాన్ని కాగితం పక్కన ఖాళీలోకి తీసుకెళ్ళి ఆనించారు. టీచరమ్మ ముందుకు వంగింది. పెన్సిల్ పైకి లేచి, వంగి, కిందికి దిగి ఆగింది. కొంచెం ఎత్తి, దాని కింద చుక్క పెట్టారు.

వంకరటింకరగా ఒక ప్రశ్నార్థకం.

టీచరమ్మ లేచి నిలబడింది. ఫారం చూసుకుంది, కాగితం చూసింది. "రాశారు పిన్నిగారూ! కానీ... గడిలో ఏమని రాయను? ఏం రాశారని రాసుకోను?"

"నన్నో ప్రశ్న అడిగారని రాసుకో అమ్మా," అన్నాను.

ఆమె అలాగే రాసుకుంది. కింద వచ్చే మంగళవారం తేదీ వేసింది. ఆమె ఏదో చెబుతుంటే నాకు దూరంగా వినబడుతోంది. నేను ఆ మాటనే చూస్తున్నాను. నేనొక్కదాన్నే.

వరండాలో ఆయన కుర్చీ చుట్టూ పాతిక కుండీలు ఉంటాయి. పెరట్లో మిగతా మొక్కలన్నిటికీ పండుటాకులు నేనే ఏరాలి. ఆ పాతికకీ ఏరక్కర్లేదు. చేతికందే మేరకు ఒక్క ఎండుటాకు ఉండదు, ఒక్క కలుపుమొక్క ఉండదు. అక్కడ గాలి బాగా తగులుతుంది, ఆకులు వాటంతటవే రాలిపోతాయి అనుకున్నాను. కలుపు గాలికి ఎలా పోతుందో మాత్రం ఆలోచించలేదు. పొద్దున్నంతా ఆయన ఊరికే కూర్చున్నారనుకున్నాను. ఎడమచేత్తో కింద పడేసిన ఆకుల్ని రోజూ నేనే ఊడ్చాను కదా.

"మీరూ ఉన్నారంటారా?" అని అడిగాను.

ఆయన పెన్సిల్ కదపలేదు. నా వైపు చూస్తూ కూర్చున్నారు. అంతే మరి, రాసినదాన్ని నేను. నిజమో కాదో చెప్పాల్సింది నేనే.

కంప్యూటర్ దగ్గరికి జరుపుకున్నాను. ఆ ఒక్క మాటా తీసేసి ఇంకోటి టైపు చేశాను. కన్నీళ్ళలో మీటలు కనబడక రెండుసార్లు తప్పు కొట్టి దిద్దుకున్నాను. తర్వాత పైనుంచి మళ్ళీ చదివాను, ఆయనకి అందేంత నెమ్మదిగా.

"ఈ మొక్కల్ని పెంచేది, కామా, చూసుకునేది, కామా, అమ్మేది మేమిద్దరం. ఫుల్‌స్టాప్."

పెన్సిల్ బల్ల మీద రెండుసార్లు పడింది. 'ప్రచురించు' అన్నచోట నొక్కాను.